తెల్ల అంబాసిడర్‌తో 28 ఏళ్లు

మా నాయన 1996లో అనంతపురంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. అప్పటి నుంచి వాడిన అనుభవంతో రాస్తున్నా.

ముందు సీటు బెంచీ. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి కాళ్లకు అడ్డం రాదు. ముందర ముగ్గురం, వెనక ఐదుగురం, డిక్కీలో రెండు మూటల శనక్కాయలతో ఉరవకొండ నుంచి వచ్చిన రోజులున్నాయి. గుంతల రోడ్డయినా నడుం నొప్పి ఎరగం. టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో తిప్పాలంటే మాత్రం భుజాల్లో బలం కావాలి. మైలేజీ లీటరుకు 9 దాటిన రోజు మా నాయన ఇంట్లో అందరికీ చెప్పేవాడు.

ఎండాకాలం ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపులోనే అది ఆవిరై బండి ఆగిపోతుంది. ఆ కాలపు కార్బరేటర్ బండ్లకు ఇది మామూలే. పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టు కింద పావుగంట కూర్చుంటే చాలు. నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది ఒక మెకానిక్. డూప్లికేట్ బ్రేకు కిట్టు వేశాడు. పామిడి దగ్గర పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగి బతికాం.

ఇక మర్యాద సంగతి. తెల్ల అంబాసిడర్ అంటే అప్పట్లో కలెక్టరో మంత్రో. వానల్లేని ఒక ఏడాది మా మేనత్త ఊరికి పోతే అరుగు మీదోళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన సందులోకి జారుకున్నాడు. బ్యాంకు వాళ్లు పంట అప్పు వసూలుకు వచ్చారనుకున్నాడట! సాయంత్రం తానే వచ్చి, "ముందే చెప్పకూడదా నాయనా, పొద్దున్నుంచీ కంది చేలో కూర్చున్యా" అన్నాడు.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన బండి ఇది. ఎన్ని కార్లు చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పే లైసెన్సుల కాలంలో, చేతిలో డబ్బున్నా కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి అటు మళ్లింది. జపాన్ సుజుకితో కలిసి ఆ కారు తెచ్చిందీ ప్రభుత్వమే, తన ఆఫీసర్లను మాత్రం అంబాసిడర్లోనే తిప్పింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. 2014 మేలో ఉత్తరపారాలో తయారీ ఆగింది. 2017లో మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలూ పోయాయి.

ఇప్పుడెవరైనా కొనాలనుకుంటే పెయింటు చూసి మోసపోవద్దు. కార్పెట్ ఎత్తి, కింద రేకు తుప్పు పట్టిందేమో చూడండి.

2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. బెంగళూరు హైవేలో వాటిని మోసుకుపోయే ట్రైలర్ల వెనక నేను 60లో పోతుంటా. మొన్న ఒక ధాబా దగ్గర ట్రైలర్ డ్రైవరొకాయన, తన బండి నిండా కొత్త సెల్టోస్‌లు పెట్టుకుని, మా అంబాసిడర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బానెట్ తీయన్నా, ఒకసారి చూస్తా" అన్నాడు.