బడ్జెట్ టర్బో కారుకి ఏ ఈసీయూ మేలు? రెగ్యులేటరా, పిగ్గీబ్యాకా, రీఫ్లాషా, స్టాండలోనా?

టర్బో లేని కారుకి టర్బో పెట్టేటప్పుడు టర్బో, మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్ దాకా అందరూ ధారాళంగానే ఖర్చు పెడతారు, తీరా ఇంజిన్ మేనేజ్‌మెంట్ (పెట్రోల్, స్పార్క్‌లని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ) దగ్గరికి వచ్చేసరికి మిగిలిన దాంతో సర్దేద్దాం అంటారు. పిస్టన్లు కరగడం, రింగ్ ల్యాండ్లు (పిస్టన్ రింగుల మధ్య గట్లు) విరగడం చాలాసార్లు ఇలా సర్దిన చోటే మొదలవుతుంది. అందుకని నా మాట ముందే చెప్పేస్తాను: మీ కారు కంపెనీ ఈసీయూని రీఫ్లాష్ చేసే (అందులోని ప్రోగ్రామ్‌ని తిరగరాసే) వీలుంటే అదే చేయండి, లేదంటే స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్ లాంటి చవక స్టాండలోన్ (కంపెనీ ఈసీయూ బదులు పెట్టే విడి ఈసీయూ) పెట్టండి. కారణం ఒక్కటే. బూస్ట్‌లో (టర్బో అదనపు గాలిని నెట్టేటప్పుడు) ఇంజిన్‌ని కాపాడేది పెట్రోల్ ఒక్కటే కాదు, స్పార్క్ టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో పడాలన్నది) కూడా, అది మీ చేతిలో ఉండాలి.

అన్నిటికంటే చవకది రైజింగ్ రేట్ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్. ఈసీయూ జోలికే వెళ్లక్కర్లేదు, బూస్ట్ పెరిగే కొద్దీ అది ఫ్యూయల్ రైల్‌లో ప్రెషర్ పెంచుతుంది, అదే ఇంజెక్టర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇంజెక్టర్ ఫ్లో ప్రెషర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. అంటే పెట్రోల్ రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు కావాలి, 3 బార్ మీద నడిచే రైల్‌ని 12 బార్‌కి తీసుకెళ్లాలి! ప్రెషర్ పెరిగితే పంపు ఫ్లో పడిపోతుంది, కొన్ని ఇంజెక్టర్లయితే అసలు సరిగ్గా తెరుచుకోవు. పైగా టర్బో లేని కారులో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) మామూలుగా వాతావరణ పీడనం దాకానే చదువుతుంది, కాబట్టి 6 పీఎస్ఐ బూస్ట్ వచ్చినా ఈసీయూకి అది ఫుల్ థ్రాటిల్ లాగే కనబడుతుంది, స్పార్క్ కూడా టర్బో లేనప్పుడు ఇచ్చిన చోటే ఇస్తుంది. నాక్ (పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండడం) రావడానికి ఇంతకంటే ఏం కావాలి? ఈ దారి వద్దు.

పిగ్గీబ్యాక్ విషయం కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది పడేది దీనికే. ఈ బాక్స్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుని సిగ్నల్ మారుస్తుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో పెద్ద ఇంజెక్టర్లు వేశారనుకోండి, పెట్రోల్ ఎక్కువైపోకుండా ఎయిర్‌ఫ్లో సిగ్నల్‌ని 20 శాతం తగ్గించారు. ఫ్యూయల్ లెక్క సరిపోయింది, వైడ్‌బ్యాండ్ మీటర్‌లో (గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) నంబర్ కూడా చక్కగా కనిపిస్తోంది. కానీ ఈసీయూ స్పార్క్ టేబుల్ (ఏ లోడ్, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టైమింగ్ అన్న పట్టిక) చూసేది కూడా ఆ తగ్గించిన సిగ్నల్‌తోనే. లోడ్ తక్కువగా ఉందనుకుని తక్కువ లోడ్ గడుల్లోకి వెళ్తుంది, ఆ గడుల్లో అడ్వాన్స్ ఎక్కువ ఉంటుంది, అంటే స్పార్క్ ఇంకా ముందే పడుతుంది. ఫలితంగా సరిగ్గా బూస్ట్‌లో, టైమింగ్ వెనక్కి లాగాల్సిన చోట, అది ముందుకు జరుగుతుంది, ఆ సంగతి మీటర్‌లో ఎక్కడా కనిపించదు. మామూలు క్రూజింగ్‌లో అయితే ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని మీరు చేసిన మార్పుని ట్రిమ్‌లతో (తనంతట తాను చేసుకునే పెట్రోల్ సవరణలతో) మెల్లగా రద్దు చేసేస్తుంది. క్రాంక్ సిగ్నల్‌ని (ఇంజిన్ తిరుగుడులో ఎక్కడుందో చెప్పేది) ఆలస్యం చేసి టైమింగ్ తగ్గించే పిగ్గీబ్యాక్‌లు కూడా ఉన్నాయి, అవి నయమే, కానీ ఆ వైరింగ్ అంతా చేసే ఓపిక ఉన్నవాళ్లు నేరుగా స్టాండలోన్‌కే వెళ్లొచ్చు.

రీఫ్లాష్ అంటే నాకు గౌరవం. కోల్డ్ స్టార్ట్, ఐడిల్, ఏసీ వేసినప్పుడు ఆర్‌పీఎం నిలబెట్టడం, డయాగ్నస్టిక్స్, ఉన్నచోట నాక్ సెన్సర్ లెక్కలు, కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి చేసిన ఈ పనంతా అలాగే ఉంటుంది. మనం మార్చేది ఇంజెక్టర్ స్కేలింగ్, స్పార్క్ టేబుల్, లోడ్ లిమిట్లు, అంతే. చిక్కల్లా మీ ఈసీయూ కోడ్‌ని ఎవరో ఒకరు విప్పి ఉండాలి. రెండోది, మ్యాప్ సెన్సర్ వాతావరణ పీడనం దాకానే చదివేదైతే ఫ్లాష్ చేసినంత మాత్రాన బూస్ట్ కనబడదు, 2.5 బార్ లేదా 3 బార్ సెన్సర్ వేయాలి, ఆ కోడ్ కూడా అంత లోడ్‌ని లెక్కించగలగాలి. ఇదే ఇంజిన్‌కి కంపెనీయే ఇచ్చిన టర్బో మోడల్ ఉంటే మాత్రం మీ అదృష్టం.

ఇవేవీ కుదరకపోతే స్టాండలోన్. మెగాస్క్విర్ట్ 2000ల మొదట్లోనే వచ్చింది, దాని గురించి రాసినంత సమాచారం ఇంకే చవక ఈసీయూకీ దొరకదు. స్పీడ్యూనో ఆర్డ్యునో మెగా 2560 మీద మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, 16x16 టేబుళ్లు, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి నిక్షేపంగా సరిపోతుంది. రెండిటినీ ట్యూనర్‌స్టూడియో అనే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తోనే ట్యూన్ చేయొచ్చు. సోల్డరింగ్ వచ్చి, బోర్డు పాడైతే సొంతంగా బాగుచేసుకోగలిగితే స్పీడ్యూనో, రెడీమేడ్‌గా, ఎక్కువ ఫీచర్లతో కావాలంటే మెగాస్క్విర్ట్ ఎంఎస్3. హాల్టెక్, లింక్ లాంటి ఖరీదైన ఈసీయూలు వీటికంటే మంచివే, కాదనను, కానీ ఆ తేడా డబ్బు ఇంజెక్టర్లకీ, పంపుకీ, డైనో (కారుని ఒకచోటే నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద గంటలకీ పెడితే బడ్జెట్ కారుకి ఎక్కువ లాభం.

స్టాండలోన్‌లో అసలు శ్రమ బూస్ట్ ట్యూనింగ్ కాదు, కోల్డ్ స్టార్ట్. ఇంజిన్ ఒకసారి వేడెక్కిందంటే మళ్లీ పూర్తిగా చల్లబడేదాకా ఆగాల్సిందే, అంటే రోజుకి ఒకటో రెండో అవకాశాలు. రోజూ అదే కారులో ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. ఇంకొకటి క్రాంక్ సిగ్నల్. వీఆర్ సెన్సర్ (అయస్కాంతంతో పనిచేసే రకం) అయితే స్పీడ్యూనోకి ఆ సిగ్నల్‌ని శుభ్రం చేసే కండిషనర్ బోర్డు తప్పనిసరి, షీల్డ్ ఉన్న కేబుల్ వాడి ఆ షీల్డ్‌ని ఒక చివరే గ్రౌండ్ చేయండి, లేదంటే ఆర్‌పీఎం పెరిగాక సింక్ (క్రాంక్ ఎక్కడుందన్న లెక్క) పోయి తెగ విసిగిస్తుంది. స్టార్ట్ అయిన వెంటనే టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేసి, టైమింగ్ లైట్‌తో పుల్లీ మీద గుర్తు చూడండి. ల్యాప్‌టాప్ 10 అంటున్నప్పుడు పుల్లీ 16 చూపిస్తే మీ స్పార్క్ టేబుల్లో ప్రతి గడీ 6 డిగ్రీలు అబద్ధమే. ఇది సరిచేయకుండా బూస్ట్ జోలికి పోవద్దు, దయచేసి.

ఏది ఎంచుకున్నా వైడ్‌బ్యాండ్ ముందు కొనండి. మామూలు ఆక్సిజన్ సెన్సర్‌కి 14.7 (ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి) దగ్గర రిచ్చా (పెట్రోల్ ఎక్కువా), లీనా (తక్కువా) అన్నది తప్ప ఇంకేం తెలియదు, బూస్ట్‌లో మనకి కావాల్సింది 11.5 నుంచి 12. ఇంజెక్టర్లు కూడా లెక్కవేసే కొనండి, నాలుగు సిలిండర్లతో 200 హార్స్‌పవర్ అనుకుంటే, 80 శాతం డ్యూటీకి (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) ఒక్కోటి నిమిషానికి సుమారు 400 సీసీ పడుతుంది. మొదట బూస్ట్ కంట్రోలర్ లేకుండా వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కగా వదిలే వాల్వ్) స్ప్రింగ్ మీదే నడిపి, టైమింగ్‌ని అవసరమైన దానికంటే కాస్త వెనకే ఉంచి, లాగ్‌లు చూస్తూ ఒక్కో గడీ సరిచేయండి.