సైన్యంలో హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్: ఒకేసారా, విడతలవారీగానా?

మా మేనమామ హవల్దారుగా రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నారు. ఆమధ్య మంచం మీద రెండు కాగితాలు పరిచి చూపించారు. డిశ్చార్జ్ బుక్‌లో అత్తయ్య పేరులోని ‘క్ష’కి కె, ఎస్, హెచ్ అని ఉంది. ఒడిశాలో తీసిన ఆధార్‌లో దానికి ఎక్స్ ఉంది. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో చివర. మనకు ఆవిడ ఒక్కరే, కంప్యూటర్‌కి ఇద్దరు. ఈ తేడా సరిచేయించడానికి మావయ్యకు రెండేళ్లు పట్టింది.

నేను చేసేది హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ పనే, అంటే సిబ్బంది రికార్డులు, జీతాలు, బదిలీలు చూసే కంప్యూటర్ వ్యవస్థల పని. సైన్యంలో దాన్ని ఒకేసారి పెట్టాలా, విడతలుగానా అంటే నాకు ముందు ఆ కాగితాలే గుర్తొస్తాయి.

ఒకేసారి పెడితే లాభం లేకపోలేదు. గోపాల్‌పూర్ నుంచి లేహ్‌కి పోస్టింగ్ వచ్చిన జవాను రికార్డు అతనితో పాటే వెళ్తుంది. క్లర్కు రెండుచోట్ల ఎక్కించక్కర్లేదు. కానీ అమెరికా తన సైన్యం, నౌకాదళం, వాయుసేన, మెరైన్లు అన్నిటికీ ఒకే వ్యవస్థ కట్టబోయి, పదేళ్లకు పైగా తంటాలుపడి, 2010లో వదిలేసింది. ఒక్కో దళానిది ఒక్కో జీతం లెక్క, ఒక్కో పద్ధతి.

తర్వాత అక్కడి ఆర్మీ ఒక్కటే వేరే దారి పట్టింది. 2019లో పెన్సిల్వేనియా నేషనల్ గార్డ్‌తో (రాష్ట్రాలవారీగా ఉండే రిజర్వు దళం) మొదలుపెట్టి రాష్ట్రం తర్వాత రాష్ట్రం చేర్చుకుంటూ పోయింది. రెగ్యులర్ సైన్యం వంతు 2023 జనవరిలోగానీ రాలేదు. బ్రిటన్ కూడా 2006లో వాయుసేనతో మొదలుపెట్టి, నౌకాదళాన్ని చేర్చి, 2007లో సైన్యానికి వచ్చింది.

విడతల్లో కష్టం మధ్యకాలానిదే. కొత్త వ్యవస్థలో ఉన్న యూనిట్ నుంచి పాతదాంట్లో ఉన్న యూనిట్‌కి బదిలీ అయితే, పెళ్లికో బిడ్డ పుట్టినందుకో వేసిన పార్ట్ టూ ఆర్డర్ (అలాంటి మార్పును జవాను రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు) దారిలో తప్పిపోవచ్చు. అది తప్పిపోతే ఎప్పుడో ఫ్యామిలీ పెన్షన్ దగ్గర బయటపడుతుంది.

అయినా నా ఓటు విడతలకే. ఒక షరతు: రెండు మూడు నెలలు జీతం పాత పద్ధతిలోనూ కొత్తదాంట్లోనూ లెక్కకట్టి, రూపాయి తేడా లేదని తేలాకే పాతది ఆపాలి. అంతకంటే ముందు ప్రతి జవానుకీ తన రికార్డు తానే తెరిచి చూసుకునే వీలుండాలి. సర్వీసులో ఉండగా తప్పు కనబడితే పక్క గదిలో క్లర్కు ఉంటాడు. ఊరొచ్చేశాక రికార్డ్ ఆఫీసుకి ఉత్తరాలు రాసుకోవాల్సిందే.

రెడీమేడ్ ప్యాకేజీ కొనాలా, సొంతంగా రాయించాలా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. రికార్డులో పేరే తప్పుంటే రెండూ ఒకటే.

మా వీధి కుర్రాడొకడు ఈమధ్యే ఫౌజులో చేరాడు. ఫారంలో అమ్మ పేరు ఆవిడ ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయమని చీటీ రాసిచ్చి పంపాను.