ఎర్రర్ కాయిన్స్ పేరుతో కోసిన, నొక్కిన బిళ్లలు అంటగడుతున్నారు, జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎర్రర్ కాయిన్స్, అంటే మింట్‌లో (టంకశాలలో) తప్పుగా తయారై బయటికొచ్చిన నాణేలు, కొనేవాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. వాట్సాప్ గ్రూపుల్లో ఒకతను "మింట్ ఎర్రర్, చాలా రేర్" అంటూ నాణేలు అమ్ముతున్నాడు. పేరు రాయను, నంబరు ఎలాగూ మారుస్తూనే ఉంటాడు. అతని దగ్గర మూడు నాణేలు 4,500 రూపాయలకు తీసుకున్నాను. మూడింటిలో ఒక్కటి కూడా మింట్‌లో జరిగిన తప్పు కాదు, బయట ఎవరో తీరిగ్గా కూర్చుని చేసిన పని. డబ్బు తిరిగి ఇమ్మంటే "ఏందన్నా, ఫొటో చూసే కదా తీసుకునింది" అన్నాడు. ఆ తర్వాత బ్లాక్.

మొదటిది పది రూపాయల బిళ్ల. మధ్యలోని తెల్ల బిళ్ల తిరగేసి ఉంది. సింహాలు ఉండాల్సిన వైపు అవతలి వైపు బొమ్మ వచ్చింది. చూడ్డానికి భలే ఉంటుంది, కొత్తవాళ్లు దీనికే పడిపోతారు. కానీ మింట్‌లో ఇది జరిగే పని కాదు. పసుపు రింగు, మధ్య బిళ్ల రెండూ ఏ బొమ్మా లేకుండానే ప్రెస్‌లోకి వెళ్తాయి. పై డై, కింద డై (బొమ్మ చెక్కిన దిమ్మెలు) ఒక్క దెబ్బ కొట్టినప్పుడే అవి అతుక్కుంటాయి, బొమ్మ కూడా అదే దెబ్బకు పడుతుంది. మధ్య బిళ్ల పక్కకు జరగొచ్చు, అసలు లేకుండానే పోవచ్చు. తిరగబడి మాత్రం రాదు. అలా ఉందంటే ఎవరో ఊడదీసి, తిప్పి, మళ్లీ కొట్టి పెట్టారన్నమాట. నా దాంట్లో అతుకు దగ్గర సుత్తి దెబ్బకు లోహం నలిగింది కూడా.

రెండోది అంచు తెగిన ఐదు రూపాయలు. ఇలా అంచు తెగిన నాణేన్ని క్లిప్ అంటారు. నిజమైన క్లిప్ ఎలా వస్తుందంటే, లోహపు రేకు నుంచి గుండ్రటి బ్లాంకులు (ముద్ర పడని బిళ్లలు) కోసేటప్పుడు రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే పంచ్ పాత రంధ్రం మీద కొంత పడుతుంది. అంటే ముద్ర పడకముందే బ్లాంకు తెగి ఉంటుంది. తర్వాత అంచు లేపే మిషన్‌లో తెగిన చోట ఒత్తిడి ఉండదు కాబట్టి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా బలంగా లేవదు. అందుకే తెగిన చోటు కన్నా ముందు దాని ఎదురు అంచు చూడాలి. చాలా నిజమైన క్లిప్పుల్లో అక్కడ పల్చగా ఉంటుంది, తెగిన పక్క అక్షరాలు కూడా సాగినట్టు కనిపిస్తాయి. నాకు వచ్చిన దాంట్లో ఎదురు అంచు నిక్షేపంగా ఉంది, అక్షరం మాత్రం కత్తితో కోసినట్టు సగానికి తెగింది. ఆచారి వీధిలో తెలిసిన బంగారం పనివాడి భూతద్దం కింద పెడితే ఆకురాయి గీతలు వరసగా కనిపించాయి. కాటా మీద తూకం తగ్గింది కదా అని నమ్మొద్దు, కోసినా తగ్గుతుంది.

మూడోదే నా కడుపు మండించింది. పాత కుప్రో నికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) రూపాయి, 1990ది, "లాఖీ" అని ఇచ్చాడు. ముద్ర పడిన నాణెం బయటికి పోకుండా ఒక డైకి అతుక్కుపోతే, తర్వాత వచ్చే బ్లాంకుకు ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు గుంటగా పడుతుంది. సేకరించేవాళ్లకు లాఖీ అంటే ప్రాణం ఎందుకంటే, ఆ ఒక్క క్షణం ప్రెస్‌లో ఏం జరిగిందో నాణెమే చూపిస్తుంది. నిమిషానికి వందల నాణేలు కొట్టే చోట, తనిఖీ కూడా దాటుకుని, ఏ టీ కొట్టు గల్లాలోనో చిల్లరగా తేలిన తప్పు అది. ఎవరూ కావాలని చేయలేదు కాబట్టే దానికి విలువ.

రెండు వైపులా పడేది ఒకే డై బొమ్మ కాబట్టి సంవత్సరం, దాని కింద మింట్ గుర్తు అచ్చంగా ఒకటే ఉండాలి. నా రూపాయిలో పైకి లేచిన వైపు డైమండ్ ఉంది, అంటే ముంబై. గుంటగా ఉన్న వైపు నక్షత్రం, అంటే హైదరాబాద్. ఒకే దెబ్బలో రెండు ఊళ్ల గుర్తులు! వైస్‌లో (బిగించి నొక్కే పనిముట్టులో) రెండు రూపాయి బిళ్లలు పెట్టి నొక్కారు, అంతే. గుంటపడిన 1 అంకె వెనక సింహాల కాళ్లు ఇంకా మసగ్గా కనిపిస్తున్నాయి. పైగా "చర్లపల్లి మింట్‌లో మనోడున్నాడు, వాడే బయటికి తెచ్చాడు" అని కథ ఒకటి. హైదరాబాద్ శివారులోని చర్లపల్లి మింట్ మొదలైందే 1997లో, ఈ రూపాయేమో 1990ది.

చివర్లో ఇంకో 800 పంపితే "ఆర్బీఐ సర్టిఫికెట్" తెప్పిస్తానన్నాడు. పంపలేదు. పాత నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని, తమ పేరు చెప్పి ఫీజు అడిగితే నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. అతను ఇప్పుడు వేరే నంబరుతో ఒంగోలు గ్రూపులో తిరగబడిన పది రూపాయలే మళ్లీ పెట్టాడని నిన్న ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. అతనితోనే కాదు, ఎవరితో బేరమైనా రెండు వైపులా, అంచు చుట్టూ, సంవత్సరం కింద గుర్తు దగ్గరగా ఫొటోలు తీయించుకోండి. మింట్‌లో ఈ తప్పు ఏ దశలో జరిగిందో కూడా అమ్మేవాణ్ణే చెప్పమనండి. నేను అడిగినప్పుడు అతను రేటు 300 తగ్గించాడు గానీ దానికి జవాబు చెప్పలేదు.