గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు: ఏళ్ల తరబడి వాడాక

ల్యాండ్‌స్కేప్ ఫొటోలకు గ్రాడ్ ఫిల్టర్ (పైన నల్లగా, కింద తేటగా ఉండి, లెన్స్ ముందు పెట్టే పలక) కొనాలా అని అడిగితే ఇప్పటికీ కొనమనే అంటాను. అయితే సెట్ మొత్తం వద్దు, మొదలుపెట్టడానికి 0.6 సాఫ్ట్ (నలుపు మెల్లగా తేటబడేది) ఒక్కటి చాలు. అది ఆకాశం వెలుగును రెండు స్టాప్‌లు తగ్గిస్తుంది, ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది. 0.9 మూడు స్టాప్‌లు తగ్గిస్తుంది కానీ, కాస్త కిందకి జారినా కొండ కొమ్ములు, చెట్ల తలలు మసిబారినట్టు వస్తాయి. నాకైతే ఆ నల్లటి కొండల కంటే కొంచెం తెల్లబడిన ఆకాశమే నయం.

నలుపు ఒక్కసారిగా తెగిపోయే హార్డ్ గ్రాడ్‌ది సముద్రం దగ్గర పని. వెలుగంతా క్షితిజరేఖను ఆనుకునే ఉంటుంది, సాఫ్ట్ ఫిల్టర్ అక్కడికి వచ్చేసరికి పలచబడిపోతుంది.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. లెన్స్ మారితే ఫిల్టర్ తీరే మారిపోతుంది. టెలిఫొటో లెన్స్ ఫిల్టర్‌లో చిన్న ముక్కనే వాడుకుంటుంది కాబట్టి సాఫ్ట్ గ్రాడ్ ఫ్రేమ్ అంతటినీ ఇంచుమించు సమానంగా నల్లబరుస్తుంది, హార్డ్ గ్రాడే కాస్త మెత్తగా పడుతుంది. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) మూసేకొద్దీ ఫిల్టర్‌లో నలుపూ తేటా కలిసే అంచు గట్టిపడుతుంది కూడా. ఎఫ్/11 లాంటి చిన్న అపెర్చర్‌లో తీయబోతూ, లెన్స్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు చూసి సర్దితే లాభం లేదు. అపెర్చర్‌ను ఫొటో తీసేటప్పటిలా మూసి చూపే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టి, ఫిల్టర్‌ను మెల్లగా పైకీ కిందకీ జరపండి. కదులుతున్నప్పుడే ఆ అంచు కంటికి దొరుకుతుంది.

చెరువుల దగ్గర ఇంకో జాగ్రత్త. నీటిలో ప్రతిబింబం అసలు ఆకాశం కంటే మసకగానే ఉంటుంది. ఫిల్టర్ వల్ల ఆకాశమే ఎక్కువ నల్లబడితే, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఫొటో నమ్మబుద్ధి కాదు.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. చాలావరకు నిజమే. ఇప్పటి సెన్సర్లతో తీసిన రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరమంతా దాచే ఫైల్) నీడల్ని బాగానే లేపొచ్చు, కానీ పూర్తిగా తెల్లగా కాలిపోయిన మేఘాన్ని తిరిగి తేలేం. చెట్టో శిఖరమో ఆకాశంలోకి పొడుచుకొచ్చిన చోట నేనూ ఫిల్టర్ తీసేసి, రెండు ఎక్స్‌పోజర్లు (ఆకాశానికి ఒకటి, నేలకు ఒకటి) తీసి కలుపుతాను. అలలు, గాలికి ఊగే గడ్డి ఉన్నచోట అలా కలపడం పెద్ద తలనొప్పి. అక్కడ ఒక్క క్లిక్‌లో పని ముగించే ఫిల్టర్‌నే నమ్ముతాను.

చవక రెసిన్ ఫిల్టర్లలో మేఘాలకు గులాబీ ఛాయ అంటుతుంది, గీతలూ త్వరగా పడతాయి. గాజువి పడితే పగులుతాయి, అయినా డబ్బు పెట్టగలిగితే గాజే తీసుకోండి. లెన్స్‌కు బిగించే గుండ్రటి గ్రాడ్‌లు మాత్రం వద్దు. వాటి అంచు ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది, పైకీ కిందకీ జరగదు.