పిలేజ్, రావేజ్: దోచుకోవడానికి, ధ్వంసానికి మధ్య గీత

ఇంగ్లిషు వార్తల్లో పిలేజ్, రావేజ్ రెండూ కనిపిస్తాయి. మన అనువాదాల్లో రెంటికీ ‘విధ్వంసం’ అని రాసేస్తున్నారు. ఇది నన్ను బాధించే పొరపాటు.

పిలేజ్ అంటే కొల్లగొట్టడం. దానికి మనుషులే కర్తలు, అదీ ఎక్కువగా యుద్ధంలో సైనికులు. సొత్తు చేతులు మారాలి. అందుకే అది చట్టంలోకీ ఎక్కింది: యుద్ధ నియమాలైన 1907 హేగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయి, అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైన 1998 రోమ్ శాసనం యుద్ధ నేరంగా పేర్కొంది. తుఫాను పిలేజ్ చేసిందని ఎవరూ రాయరు.

రావేజ్‌కు కర్త ఎవరైనా కావచ్చు: మంట, కరవు, వ్యాధి, సైన్యం. దోపిడీ జరగకపోయినా ఫరవాలేదు, నాశనం మిగిలితే చాలు. ఫ్రెంచిలో దీని మూలం నీటి ఉరవడిని సూచించే మాటే. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనకు ఇంతకంటే సరిపోయే క్రియ నాకు తోచదు. నామవాచకంగా వాడితే ఎక్కువగా బహువచనమే. కాలం మనిషి ముఖం మీద మిగిల్చే గుర్తులకూ అదే మాట.

రెండూ కలిసిన సందర్భం విజయనగరం. 1565 జనవరిలో ఓటమి తరువాత నెలల తరబడి నగరాన్ని దోచారు, అది పిలేజ్. కట్టడాలను కూల్చారు, తగలబెట్టారు, అది రావేజ్. అక్కడ ‘కొల్లగొట్టి నేలమట్టం చేశారు’ అని రెండు క్రియలూ రాయాలి.

వ్యవహారంలో తేలికైన మాట లూట్. అది హిందీ నుంచి ఇంగ్లిషుకు వెళ్ళింది, మన ‘లూటీ’కి చుట్టమే.