అంగ్‌కోర్‌లో మూడు రోజులు: అతుకులు వెతుక్కుంటూ

అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి కంబోడియా వెళ్లాం, అమ్మా నేనూ. వాటి పక్క ఊరు సియెం రీప్‌లో దిగగానే మొదటి దెబ్బ తగిలింది. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు. కారు పంపుతామన్న గెస్ట్‌హౌస్ వాళ్లు పంపలేదు, ఫోన్ ఎత్తలేదు. గంట చూసి ఎయిర్‌పోర్టు బస్సెక్కాం. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఒక్క మాట అనలేదు, అదే నాకు టెన్షన్. తీరా చేరాక గది మాత్రం శుభ్రంగా ఉంది, రాత్రికి 28 డాలర్లు. కారు సంగతి అడిగితే నవ్వేసి రెండు కొబ్బరి బొండాలు ఇచ్చారు.

గుళ్లు చూడ్డానికి ఒక్కరోజు టికెట్ 37 డాలర్లు, మూడు రోజులది 62. మూడు రోజులదే తీసుకోండి. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, పెద్దవాళ్లతో వెళ్తే మధ్యలో ఒకరోజు ఆగొచ్చు. ప్రతి టికెట్ నుంచి 2 డాలర్లు కంథా బొఫా పిల్లల ఆసుపత్రికి వెళ్తాయి. ఇంకో మాట, అంచు కాస్త చిరిగినా డాలర్ నోటు ఎవరూ తీసుకోరు. నా ఇరవై డాలర్ల నోటు ఒకటి ఊరంతా తిరిగి మళ్ళీ నా పర్సులోకే వచ్చింది.

గుళ్లతో పాటు శిథిలమైన వాటిని మళ్ళీ నిలబెట్టినవాళ్ల పని కూడా చూడాలన్నది నా సరదా. అంతర్యుద్ధం, ఆ తర్వాత ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల క్రూర పాలన ముగిశాక అంగ్‌కోర్‌ను యునెస్కో 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ఆ వెంటనే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ పెట్టింది. 1993లో ఫ్రాన్స్, జపాన్ సహాధ్యక్షులుగా అంతర్జాతీయ కమిటీ ఒకటి ఏర్పడింది. అప్పటినుంచి ఒక్కో దేశం ఒక్కో గుడి మరమ్మతు పట్టింది. 2004లో ప్రమాదపు జాబితా నుంచి పేరు తీసేశారు.

మొదటిరోజు అంగ్‌కోర్ వాట్. సూర్యోదయం కోసం చీకట్లో లేచి, చెరువు గట్టున వందలమంది వెనక నిలబడి, వాళ్ల ఫోన్లలో సూర్యుణ్ణి చూశాం. మళ్ళీ వెళ్తే లేవను. జనం ఫలహారాలకు కదలగానే తూర్పు వైపు గ్యాలరీకి వెళ్లండి. క్షీరసాగర మథనం, 49 మీటర్ల పొడవు. అమ్మ వాసుకి వెంట నడుచుకుంటూ తోక దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏరా, తోక పట్టుకున్నది హనుమంతుడిలా ఉన్నాడే! పాలసముద్రం చిలికినప్పుడు ఆయనెక్కడున్నాడు?"

గైడు కూడా హనుమంతుడనే చెప్పాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

ఆ గ్యాలరీ పైకప్పుకి పెద్ద కథ ఉంది. బాగుచేద్దామని ఫ్రెంచివాళ్లు విప్పారు, యుద్ధం వచ్చి పని ఆగింది. తర్వాత మన పురావస్తు శాఖ కట్టింది, నీరు కారడం మాత్రం మానలేదు. చివరికి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే స్వచ్ఛంద సంస్థ మళ్ళీ విప్పి, వాననీరు పోయే పాత దారులు తెరిచి 2012లో పూర్తిచేసింది. మనవాళ్లు అంగ్‌కోర్ వాట్‌లో 1986 నుంచి 1993 దాకా పనిచేశారు. రసాయనాలతో రుద్ది రాయిని పాడుచేశారని, సిమెంటు ఎక్కువ వాడారని చాలా తిట్లు తిన్నారు. కొన్ని నిజమే అనిపిస్తాయి. కానీ అప్పటి కంబోడియా ప్రభుత్వాన్ని పాశ్చాత్య దేశాలు గుర్తించనే లేదు, మందుపాతరల మధ్య పనికి ముందుకొచ్చింది దాదాపు మనమే. ఆ సగం కథ గైడు చెప్పలేదు, నేనే చెప్పాను.

గోడల మీది దేవతా స్త్రీలు సుమారు 1,850 మంది. కొందరికి చెంప మీద రాయి అప్పడంలా పొరలు విడిపోయి ఉంటుంది. 1995 నుంచి జర్మన్ బృందం ఆ పొరల్లోకి మందు ఎక్కించి అతికిస్తోంది. దగ్గరగా చూస్తే అంచున సన్నటి పూత గీత కనిపిస్తుంది. చెయ్యి మాత్రం పెట్టకండి.

రెండోరోజు బాయన్ గుడి త్వరగా ముగించి (అక్కడ మరమ్మతు పని 1994 నుంచి జపాన్ బృందానిది) బాఫువోన్‌కు వెళ్లాం. అందరూ వదిలేసే గుడి ఇది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కూలిపోతున్న కొండలాంటి గుడిని 1960లో ఫ్రెంచివాళ్లు విప్పడం మొదలుపెట్టారు. సుమారు 3 లక్షల రాళ్లు తీసి చుట్టూ అడవిలో పేర్చి, ఏది ఎక్కడిదో రాసుకున్నారు. యుద్ధంతో పని ఆగింది, ఆ కాగితాలు ఖ్మేర్ రూజ్ కాలంలో పోయాయి. శ్రీశైలం నీళ్లలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారని మనకు తెలుసు. ఇక్కడ విప్పినది గుర్తుంది, కట్టే లెక్కే లేదు. మధ్యలో సున్నం కూడా ఉండదు, ఏ రాయైనా దాని చోటులోనే కూర్చుంటుంది. 1995లో మళ్ళీ మొదలుపెట్టి 2011లో ముగించారు. మెట్లు బాగా నిటారు, అమ్మ కిందే కూర్చుంది. దిగాక పడమటి వైపు వెళ్లి, వెనక్కి వెనక్కి నడిస్తే గోడంతా పడుకున్న బుద్ధుడని తెలుస్తుంది, దాదాపు 70 మీటర్లు. ముందు నాకు రాళ్ల గుట్టే కనిపించింది. అమ్మే ముక్కు చూపించింది.

మూడోరోజు తా ప్రోమ్. ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ 1186లో కట్టించిన గుడి, చెట్ల వేళ్లు గోడల్ని కావలించుకున్న ఫొటోలు ఇక్కడివే. ఇది మళ్ళీ మనవాళ్ల చేతిలో ఉంది. గుడిని నిలబెట్టాలి, చెట్టునూ కొట్టకూడదు. ఐఐటీ మద్రాసు ఇంజనీర్లు, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థవాళ్లు కూడా వచ్చారు. ఒక వేరు కింద ఇనుప ఊతం చూశాను, ముసలాయన చంక కింద కర్రలా ఉంది. మనవాళ్లు బాగుచేసిన నర్తకుల మండపాన్ని 2022 నవంబరులో అప్పటి మన ఉపరాష్ట్రపతి ప్రారంభించారు. కొత్త రాయి రంగు ఇంకా తేలిగ్గా తెలిసిపోతుంది, అది దాచకపోవడం నాకు నచ్చింది. ఉదయం ఏడున్నరకే వెళ్లండి, తొమ్మిదికి గ్రూపు టూర్లు దిగితే ఫొటో కోసం క్యూ.

శాకాహారానికి సియెం రీప్‌లో పబ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల ఇండియన్ హోటళ్లు ఉన్నాయి. పప్పు పర్వాలేదు, పెరుగు తియ్యగా ఉంటుంది, గోంగూర పచ్చడి ఇంటి నుంచే తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణానికి గెస్ట్‌హౌస్ వాళ్లు కారు పంపుతామన్నారు. మేం మాత్రం మమ్మల్ని మూడు రోజులు తిప్పిన టుక్‌టుక్ అబ్బాయినే రమ్మన్నాం. చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చి, అమ్మ సూట్‌కేసు తనే మోసి, దారంతా దుమ్ము పడకుండా ఆమెకు మాస్క్ ఇచ్చాడు. నా చిరిగిన ఇరవై నోటు మాత్రం అతనూ తీసుకోలేదు.