రాహువు నాలుగులోనా, పదిలోనా?

రాహుకేతువులు ఎప్పుడూ 180 డిగ్రీల ఎడంలోనే ఉంటారు. లగ్నం (పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి) నుంచి లెక్కించే 12 స్థానాల్లో రాహువు 4లో ఉంటే కేతువు 10లో. ఇటు మారితే అటూ మారుతుంది. ఒక్క రాహువునే చూసి ఫలం చెప్పేస్తే సగం జాతకమే చదివినట్టు.

4లో రాహువుంటే ఇల్లు, తల్లి, భూమి, వాహనం మీద తీరని ఆరాటమని శాస్త్రం. కోనసీమలో పెద్దలిచ్చిన కొబ్బరితోట ఉండగానే పక్క చెక్క మీద కన్ను పడుతుంది. కొనేముందు అడంగల్ (పొలం రికార్డు), ఈసీ (భూమి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) చూసుకోమని ఇలాంటివాళ్లకు గట్టిగా చెప్పాలి. 10లో కేతువు వల్ల చేసే పనిలో మనసు నిలవదు.

10లో రాహువు నయం. 3, 6, 10, 11 ఉపచయ (వృద్ధినిచ్చే) స్థానాలు, అక్కడ రాహువులాంటి పాపగ్రహం పనికొస్తుంది. గల్ఫ్ ఉద్యోగం, పరాయి ఊళ్లో పేరు. 4లో కేతువు మాత్రం సొంతింటికి దూరం చేస్తాడు.

రెండింటిలోనూ రాహువున్న రాశి అధిపతి బలమే అసలు కీలకం. త్రికోణాధిపతితో (5, 9 లాంటి శుభస్థానాల అధిపతితో) కలిస్తే, 4, 10 లాంటి కేంద్రాల్లో ఉన్న ఈ రాహువే యోగకారకుడు, అంటే మంచి ఫలాలిచ్చేవాడు.

పొరపాటు జరిగేది లగ్నం దగ్గర. లగ్నం సుమారు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. వేసిన జాతకంలో అది రాశికుండే 30 డిగ్రీల్లో 29వ డిగ్రీ దాటి ఉంటే, ఆసుపత్రి చీటీలో టైము 5 నిమిషాలు తక్కువ పడినా చాలు, అసలు లగ్నం తర్వాతి రాశి అవుతుంది; అసలు 9లో ఉన్న రాహువు 10లో కనిపిస్తాడు.